ఒత్తిగిలించడం

1974లో నర్సింగ్ స్కూల్లో నాకు మొదట నేర్పిన పని వీపు రుద్దడం. మంచాన పడ్డ మనిషిని పక్కకి ఒత్తిగిలించి, అరచేతిలో స్పిరిట్ పోసుకుని నడుం కింద ఎముక దగ్గర గట్టిగా మర్దనా చేసి, పైన పౌడర్ జల్లేవాళ్ళం. ఎర్రబడిన చోట ఇంకాస్త ఎక్కువ రుద్దేవాళ్ళం. అదే తప్పని తర్వాతెప్పుడో తెలిసింది. నెత్తురందక నలిగిన కండని మేమింకా నలిపామన్నమాట.

పడకపుండు చాలావరకు రోగం తప్పు కాదు, చూసేవాళ్ళ తప్పని 1859లోనే ఫ్లారెన్స్ నైటింగేల్ రాసింది. పరీక్షలో ఆ మాట రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, ముప్పై మంచాలకి ఇద్దరమే ఉంటే ఏం చెయ్యాలో ఆవిడ చెప్పలేదు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944 నుంచి గుట్‌మన్ డాక్టరు, వెన్ను దెబ్బతిన్న సైనికుల్ని రాత్రీ పగలూ రెండేసి గంటలకి తిప్పించాడు. తడి ఆరకుండా కప్పిన గాయం త్వరగా మానుతుందని 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చూపించాడు. మేమేమో ఆరాలని గాలికి వదిలేసేవాళ్ళం!

నయంకాని రోగుల బాధ తగ్గించడానికి 1993లో కేరళలోని కోళికోడ్‌లో పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలైంది. ఆ తరహా వైద్యం మా దాకా వచ్చేసరికి నాకు రిటైర్మెంట్ దగ్గరపడింది. పుండు మానకపోయినా పని ఉంటుందని అప్పుడే నేర్చుకున్నాను. తిప్పే ముందు నొప్పి మందు వెయ్యాలి. వాసనకి, సెలైన్‌తో కడిగి మెట్రోనిడజోల్ మాత్ర నూరి చల్లాలి. రొమ్ము క్యాన్సర్ పుండుతో ఉన్న ఒకావిడకి అలాగే చేశాం. గుమ్మం దగ్గరే కూర్చునే కూతురు, నాలుగో రోజున స్టూలు మంచం పక్కకి లాక్కుని తల్లికి జడ వేసింది.