గోకరకాయ

సూరత్ పక్కన సచిన్‌లో కూరల బండివాడికి అది గవార్. మిల్లుల పనికొచ్చిన తెలంగాణ ఇళ్లలో మాత్రం గోకరకాయ. కోస్తాలో గోరుచిక్కుడు. కాయ కొసన గోరులాంటి మొన కనిపిస్తూనే ఉంటుంది కానీ, చిక్కుడన్నది అరువు పేరు. వృక్షశాస్త్రంలో రెండిటి ప్రజాతులూ వేరు. ‘గో ఆహారం’ నుంచే గవార్ వచ్చిందంటారు. నాకంత నమ్మకం లేదు, పశువులకు మేపేది నిజమే అయినా.

వంచితే పుటుక్కుమనేదే లేతది. ఈనె తీసి, తుంచి, ఉప్పేసి ఉడికించి, నీళ్లు వార్చాలి. ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పెట్టి, దించేముందు పల్లీల పొడి చల్లితే చాలు. మసాలా వేస్తే కాయకుండే చిరుచేదు పోతుంది. ఇక ముదురు గింజల జిగురు బట్టల అద్దకంలో రంగు పాకకుండా చిక్కబరచడానికి వాడతారు.