వాలుగ, వంజరం, గాలం తీగ
మన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు పళ్ల చేపంటే వాలుగ. 1803లో వచ్చిన విశాఖపట్నం చేపల పుస్తకంలో ప్యాట్రిక్ రస్సెల్ దాన్ని తెలుగు పేరుతోనే ఎక్కించాడు. శాస్త్రంలో 'వల్లాగో' అక్కడిదే. మనకెంత గొప్ప!

మన నంది కొండల నీళ్లు పెన్నగా పోయి కలిసే సముద్రంలో వంజరం ఇంకా మొండిది. పడవ వెనక ఎర లాగుతుంటే నూలైనా నైలానైనా ఒక్క కొరుకుతో తెంపుతుంది. గాలం, ఎర, ఆ పూట కూలీ మూడూ పోతాయి. అందుకే గాలానికి ముందు తీగ. మామూలు ఉక్కు ఉప్పునీళ్లకు తుప్పు పట్టేది; 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుప్పుపట్టని ఉక్కు చేశాక ఆ బాధ తగ్గింది.

ఒంటి తీగ సన్నం, చేప బెదరదు. మడత పడితే మాత్రం అక్కడే విరుగుతుంది. పేనిన తీగ మెత్తన, కానీ లావు. మేమైతే ఒంటి తీగకే ఓటేస్తాం. దానికి ముడి పనికిరాదు. రెండు పోగులూ సమంగా మెలిపెట్టి, చివర దగ్గరదగ్గరగా చుట్టి, మిగిలిన కొసను కొయ్యకుండా అటూ ఇటూ వంచి విరవాలి. అప్పుడే చెయ్యి గీసుకోదు.