ఫణిగిరి రాళ్లు ఎవరి సొత్తు?

తిరుమలగిరి ప్రాంతంలోని ఫణిగిరి కొండమీద నిజాం కాలంలోనే, 1941–44 మధ్య, ఖాజా మహమ్మద్ అహ్మద్ బౌద్ధ స్తూపాన్నీ విహారాలనూ తవ్వించారు. కింద పల్లెల్లో అప్పుడు వెట్టి నడుస్తోంది. ఆ కొండమీద పలుగూ పారా పట్టినవారి పేర్లు నేను చదివిన చరిత్ర గ్రంథాల్లో ఎక్కడా లేవు.

2001 తర్వాతి తవ్వకాల్లో సున్నపురాతి తోరణ ఖండాలు బయటపడ్డాయి. సిద్ధార్థుని తలపాగాను దేవతలు మోసుకుపోయే దృశ్యం ఫణిగిరి శిల్పాల్లో ఉంది. 2023లో ఇక్కడి తోరణ శిల్పం న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లింది. సంతోషమే. అయితే కొండ కిందనే ప్రదర్శనశాల ఉండాలి అన్నప్పుడల్లా మన విద్యావంతులు పల్లెల్లో భద్రత ఏదీ అంటారు. ఈ వాదంతో నాకు పేచీ ఉంది. కొండకు దూరమైన రాయి కళాఖండంగా మిగులుతుందే తప్ప, దాని చుట్టూ ఉన్న బతుకు జారిపోతుంది.

శాసనమే చూడండి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరం నాటిది. అంతకుముందు అతని 11వ ఏడు వరకే తెలుసు. వంశావళుల పండితులకు ఇదే పెద్ద విశేషం. ధర్మచక్రం ప్రతిష్ఠించిన దాత రాజు కాడు, ప్రధాన వైద్యుడు అన్నది నాకు ముఖ్యం. (వైద్యుడూ నిరుపేద కాకపోవచ్చు, అది వేరే సంగతి.)

2024 మార్చిలో ఇక్కడే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని చిహ్నం. బంగారం కాదు, సీసం. కొండ కింద ప్రదర్శనశాల కడితే మొదటి గదిలో తోరణాన్ని కాదు, ఈ కుండను పెట్టాలంటాను.