పచ్చిక బయలు - పుల్లరి - అడవి చట్టము

ఊరి పశువులు మేయు అడవి ఎవరిదని అడిగినచో మన పూర్వులు ఊరిదనిరి, దొరతనమువారు సర్కారుదనిరి. ఈ వ్యాజ్యమును గూర్చి నేడు కొంత మనవి చేసెదను.

దున్నుటకు పనికిరాని నేలను పశువుల మేతకు విడువవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. పచ్చిక బయళ్లను చూచుటకు వివీతాధ్యక్షుడను ఉద్యోగియు అందు గలడు. కావున అడవిపై రాజోద్యోగి పెత్తనము క్రొత్తది కాదు.

చెన్నరాజధానిలో 1856లో క్లెగ్‌హార్న్ అను వైద్యుడు అడవుల శాఖకు అధికారి యయ్యెను. ఆ యేడే రాయపురము నుండి ఆర్కాటు వైపు తొలి రైలు నడచెను. పట్టాల క్రింద పరచు దుంగలకును, ఇంజనులలో కాల్చు కట్టెలకును అడవి కావలసివచ్చెను.

విశేషమేమనగా, దొరతనములోనే ఏకాభిప్రాయము లేదు. ఈ రాజధానిలో ఏదో యొక గ్రామపు ఎల్లలలో చేరని అడవి దాదాపు లేదనియు, అందు ప్రజలకు చిరకాలానుభవము కలదనియు రెవిన్యూ బోర్డువారు 1871లో వ్రాసిరి. పరదేశపు ఉద్యోగుల కాగితములలో నాకు గౌరవము కలిగించినవానిలో ఇది యొకటి. ఆ వాదము నిలువలేదు. బ్రాండిస్ అను అటవీశాస్త్రజ్ఞుని సలహాతో 1882లో మద్రాసు అడవి చట్టము పుట్టెను.

దాని నడక యిట్టిది. ఒక ప్రదేశమును రిజర్వు చేయదలచినచో సర్కారు గెజెటులో ప్రకటించును. సెటిల్‌మెంటు అధికారి చుట్టుపట్ల గ్రామములలో దేశభాషలో ప్రకటన చేయించి గడువు పెట్టును. దారి, మేత, నీరు, కలప వీనిపై హక్కు గలవారు ఆ గడువులోపల వ్రాతమూలముగా గాని స్వయముగా వచ్చి గాని చెప్పుకొనవలెను. చెప్పుకొనని హక్కు నశించును. గొర్రెల కాపరికి గెజెటు సంగతి ఏమి తెలియును? తాతముత్తాతలనాటి అనుభవమునకు దస్తావేజు ఎక్కడిది? అతడు పలుకలేదను కారణముననే అతని హక్కు పోయెను.

పిమ్మట అదే అడవికి పశువును తోలుటకు పుల్లరి చెల్లించి చీటి పుచ్చుకొనవలసివచ్చెను. చీటి లేని పశువు బందెలదొడ్డికి పోవును. మేకల విషయమున కట్టడి మఱింత కఠినము. మేక చిగురు కొరికినచో చెట్టు ఎదగదని అధికారుల వాదము. అందు కొంత నిజము లేకపోలేదు. గొడ్డలికి సెలవిచ్చినవారు మేకపై కోపించుట మాత్రము నాకు వింతగా తోచును.

కొన్ని మేత అడవులను గ్రామ పంచాయతీలకు అప్పగింపవచ్చునని 1913 నాటి విచారణ సంఘము చెప్పియుండెను. అయినను కష్టము తీరలేదు. 1921లో పల్నాటి రైతులు పుల్లరి యియ్యమనిరి. మించాలపాడు వాసి కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తుపాకులకు బలియయ్యెను.

ఆంధ్రప్రదేశమున 1967లో క్రొత్త అటవీ చట్టము వచ్చినను, ప్రకటన, గడువు, విచారణ అను మెట్లు అందును నిలిచినవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము మాత్రము హక్కుల దరఖాస్తులను మొదట విచారించు అధికారమును గ్రామసభకే యిచ్చెను. మేతకును నీటికిని ఊరందరి పేర హక్కు కోరవచ్చును. గిరిజనేతరులు మూడు తరముల, అనగా 75 ఏండ్ల, నివాసమును చూపవలెను. అందులకు చెల్లు సాక్ష్యములలో, హక్కు కోరువారు గాక ఇతరులగు పెద్దలు చెప్పి వ్రాతలో పెట్టించిన వాఙ్మూలమును గలదు.