మూలికలు – మందుల పరస్పర చర్య

మూలికలను, ఆధునిక మందులను కలిపి వాడినప్పుడు ఒకటి మరొకదాని ప్రభావాన్ని పెంచడం, తగ్గించడం లేదా మార్చడాన్ని మూలిక–మందు పరస్పర చర్య అంటారు.

జరిగే తీరు: ఇది రెండు విధాలు. మొదటిదానిలో రక్తంలోని మందు స్థాయే మారుతుంది. పేగుల్లో, కాలేయంలో ఉండే సీవైపీ3ఏ4 వంటి ఎంజైములు చాలా మందులను విచ్ఛిన్నం చేస్తాయి. పి-గ్లైకోప్రోటీన్ అనే ప్రోటీన్ కొన్ని మందులను కణాల నుంచి బయటకు నెడుతుంది. మిరియాల్లోని పైపెరిన్ ఈ రెండింటినీ అణచి, కొన్ని మందుల స్థాయిని రక్తంలో పెంచుతుంది. ఐరోపా మూలిక సెయింట్ జాన్స్ వర్ట్ ఎంజైములను ప్రేరేపించి మందు త్వరగా విచ్ఛిన్నమయ్యేలా చేస్తుంది. అది హెచ్‌ఐవీ మందు ఇండినావిర్ స్థాయిని రక్తంలో బాగా తగ్గిస్తుందని 2000లో తేలింది. రెండో విధంలో మందు స్థాయి మారదు, ఫలితాలు కలిసిపోతాయి. మధుమేహం మాత్రలతో పొడపత్రి లేదా కాకర రసం తీసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

వరంగల్‌లో పరిశోధన: 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయపు ఫార్మసీ కళాశాల ఈ రంగంలో కృషి చేసింది. నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్, అందుగ జాతి చెట్ల జిగురులోని బోస్వెల్లిక్ ఆమ్లాలు మధుమేహం మందు గ్లిబెన్‌క్లమైడ్‌పై చూపే ప్రభావాన్ని మధుమేహం ఉన్న ఎలుకల్లో అక్కడ పరిశీలించారు. జంతువుల్లో వచ్చిన ఫలితాలు మనుషులకు యథాతథంగా వర్తించవు.

జాగ్రత్తలు: రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, మూర్ఛ మందులు, అవయవ మార్పిడి మందులు వాడేవారికి ముప్పు ఎక్కువ. కషాయమైనా, చూర్ణమైనా వాడుతున్నట్లు వైద్యుడికి తప్పక చెప్పాలి. శస్త్రచికిత్సకు ముందు ఇది మరీ ముఖ్యం.