పౌండు గింజలు, పైన ఒక అణా

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది కరువు చూడటానికి కాదు, కరువుకు అవుతున్న ఖర్చు చూడటానికి. వైస్రాయి లిట్టన్ ఆయన్ను పంపిందే అందుకు. దత్తమండలాల్లో (రాయలసీమ అన్న పేరు అప్పటికింకా పుట్టలేదు) అంతకుముందు ఏడాది నైరుతి ముఖం చాటేసింది, ఈశాన్యమూ ఎగ్గొట్టింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో చెరువులు నెర్రెలిచ్చాయి. సర్కారు తెరిచిన పనుల దగ్గరికి జనం లక్షల్లో వచ్చి చేరారు. టెంపుల్ లెక్కగట్టి తేల్చాడు: మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన ఒక అణా చాలు. ఆడవాళ్ళకూ, పనిచేసే పిల్లలకూ ఇంకాస్త తక్కువ. పౌండంటే 450 గ్రాములు. దానికి మారుగా పొద్దు వాలేదాకా ఎండలో మట్టి తవ్వాలి.

విచిత్రమేమిటంటే ఈ టెంపులే మూడేళ్ళ కిందట బీహారు కరువులో పూర్తిగా వేరే మనిషి. 1873-74లో బర్మా నుంచి నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించి, అడిగినవాళ్ళకల్లా పనీ తిండీ చూపించాడు. ఆకలిచావులు దాదాపు లేకుండా ఆ గండం గడిచింది. దానికి మెప్పు రాకపోగా, ఖజానా దుబారా చేశాడని చీవాట్లు పడ్డాయి. ఆ చీవాట్లు ఆయనకు బాగానే ఒంటబట్టాయి. ఆయన నేర్చుకున్న పాఠానికి మూల్యం మాత్రం దక్షిణాది కూలివాళ్ళు చెల్లించారు.

మద్రాసు ప్రభుత్వం మొదట్లో మరీ అంత రాతిగుండెతో లేదు. గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం 1876 చివర్లో గుట్టుగా 30,000 టన్నుల ధాన్యం కొనిపించాడు. ఆ సంగతి తెలిసి కలకత్తాలోని వైస్రాయి సర్కారు మండిపడింది. సర్కారు బజారులో వేలు పెడితే వర్తకులు బెదిరిపోతారని, ధర పెరిగితే ధాన్యం దానంతటదే వస్తుందని వాళ్ళ సిద్ధాంతం. ధాన్యం వచ్చిన మాట నిజమే. అప్పటికి ఐదారేళ్ళ ముందే కడప, గుంతకల్లు మీదుగా రాయచూరుకు రైలు పడింది. రైల్లో గింజలు దిగాయి. కొనడానికి పల్లెలో డబ్బు లేదు, స్టేషన్ల నుంచి తోలుకుపోవడానికి బండెద్దులు బతికి లేవు.

కూలి తగ్గింపు మీద గట్టిగా పోట్లాడినవాడు ఒక డాక్టరు. మద్రాసు శానిటరీ కమిషనరు విలియం కార్నిష్. కష్టం చేసే మనిషికి పౌండున్నర ధాన్యమన్నా కావాలి, పైగా పప్పూ కూరా లేనిదే ఒళ్ళు నిలవదు అని ఆయన వాదన. టెంపుల్‌కూ ఆయనకూ మధ్య కాగితాల యుద్ధం నడిచింది. మార్చిలో మద్రాసు ప్రభుత్వం మధ్యేమార్గంగా పౌండుంబావు ధాన్యమూ కొద్దిగా పప్పూ ఇవ్వడానికి దిగింది. ఒక రాష్ట్రం రాష్ట్రమంతా ఎండిపోతుంటే పెద్దవాళ్ళు తేల్చుకోవలసి వచ్చిన విషయం పావు పౌండు గింజలు!

కూలి ఒక్కటే కాదు, దూరం కూడా ఒక పరీక్షే. ఒళ్ళు బాగున్నవాళ్ళకు ఇంటికి పదిమైళ్ళ లోపు పని ఇవ్వరాదని, ఊరు విడిచి వచ్చి శిబిరాల్లో పడుండి పని చేసేవాడే నిజంగా గతిలేనివాడని టెంపుల్ సూత్రం. తిండికి లేని మనిషి పదహారు కిలోమీటర్లు నడిస్తేనే ఆకలి నమ్మదగినదవుతుందన్నమాట. శిబిరాల్లో ఇరుకూ మురికినీళ్ళూ తోడై కలరా అందుకుంది. 1871లో 9,14,432 ఉన్న కర్నూలు జిల్లా జనాభా 1881 లెక్కల్లో 6,78,551కి పడిపోయింది. ఈ దేశంలో బ్రిటిషు ఏలుబడిలో ఉన్న ప్రాంతాల మొత్తం మీద 55 లక్షలమంది పోయి ఉంటారన్నది ఎక్కువమంది ఒప్పుకునే అంచనా. జనం నోట్లో ఇది ధాత కరువుగా మిగిలింది, 1876 ధాత నామ సంవత్సరం కాబట్టి.

కరువు పని దగ్గర ఏం జరిగేదో దగ్గరగా చూడాలంటే ఒంగోలు వైపు రావాలి. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టాడు. మతబోధకుడు కాకముందు ఆయనకు సర్వేపని తెలుసు. కూలీలను బెత్తంతో అదిలించే మేస్త్రీల బదులు తన బోధకులనే ముఠాలపై పెట్టాడు. వచ్చినవాళ్ళలో చాలామంది మాదిగలు. మిగతా చోట్ల అరుపులూ తన్నులూ తిన్నవాళ్ళు ఇక్కడ పేరు పెట్టి పిలిపించుకున్నారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సహాయం సాగినంతకాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. తిండి కోసమా, మర్యాద కోసమా అన్న తగువు అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. మర్యాదకు పడిన ఓట్లు తక్కువేం కాదనిపిస్తుంది.

సర్కారుకు ఇంకో దారి తెలియదనుకోవడానికి లేదు. 1832-33లో గుంటూరు సీమను నందన కరువు ఊడ్చేసింది. సుమారు ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షలు పోయారని అంచనా. ఆ దెబ్బ తర్వాత, ఆనకట్టలు కట్టాలన్న ఇంజనీరు ఆర్థర్ కాటన్ మాట చెల్లింది. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట లేచింది. 1855కి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఇంకొకటి. ఆ తర్వాత డెల్టాల్లో అలాంటి కరువు రాలేదు. దత్తమండలాలకు మాత్రం నీళ్ళ పని ఒక లాభాల కంపెనీ చేతిలో పెట్టారు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో మొదలుపెట్టి సుంకేసుల నుంచి తవ్విన కర్నూలు-కడప కాలువ 1871కి తెరుచుకుంది గానీ లెక్కల్లో నష్టమే తేలింది. 1882లో సర్కారే దాన్ని కొనేసుకుంది. టూకీగా చెప్పాలంటే కోస్తాకు ఆనకట్టలు దక్కాయి, సీమకు పార పలుగు దక్కాయి. ఆ తేడా ఇవాళ్టికీ పూడలేదు.

కరువు తగ్గాక రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన కమిషను వేశారు. 1880లో నివేదిక వచ్చింది, దాన్ని పట్టుకుని కరువు నిబంధనావళి తయారైంది. కరువులు ముంచుకొచ్చాక పరుగెత్తడం కాకుండా ముందే ఆనవాళ్ళు పట్టమన్న మొదటి పుస్తకం అది: ధాన్యం ధర ఎగబాకడం, జనం ఊళ్ళు వదలడం, దొంగతనాలు పెరగడం. కబురు కిందనుంచి, రెడ్డి, కరణం రాతల నుంచే పైకి పోవాలి. అనుమానంగా ఉంటే తక్కువ కూలికి ఓ పని తెరిచి చూసేవారు. జనం ఎగబడితే కరువే, రాకపోతే పని మూసేయడమే. పద్ధతి మెరుగైంది. పొట్ట మాడ్చి నిజం రాబట్టే ఆలోచన మాత్రం అలాగే ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత గంజి కేంద్రాలు, పనికి ఆహారం, కరువు ప్రాంతాల పథకం అంటూ పేర్లు మారుతూ వచ్చాయి. 2001-02లో కేంద్రం ఇచ్చిన బియ్యంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పనులు చేయించినప్పుడు యంత్రాలతో తవ్వించి మస్టర్లో కూలీల పేర్లు రాశారన్న ఆరోపణలు గుప్పుమన్నాయి. కాంట్రాక్టర్లకూ యంత్రాలకూ చోటు లేదని 2005 ఉపాధి హామీ చట్టంలో రాయడం వెనక ఇలాంటి అనుభవాలు చాలానే ఉన్నాయి.

ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ ప్రారంభించింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ధాత కరువు నాటికి ఈ నేల బళ్ళారి జిల్లాలో భాగం. చట్టం టెంపుల్ సూత్రాలను దాదాపు వరుసగా తిరగేసింది. ఐదు కిలోమీటర్ల లోపు పని చూపాలి, దూరమైతే పదిశాతం అదనంగా ఇవ్వాలి అంది. పనిచోట తాగునీళ్ళు, నీడ, విరామం ఉండాలంది. అడిగితే పని ఇవ్వాలేగాని, అడిగినవాడి ఆకలికి పరీక్ష పెట్టకూడదంది. పల్లెల్లో అప్పుడూ ఇప్పుడూ దాన్ని కరువు పని అనే అంటారు.

కొలత ఒక్కటీ పోలేదు. కూలి తవ్విన గుంత కొలతను బట్టే పడేది. ఏప్రిల్, మే నెలల్లో సీమ నేల పలుగుకు లొంగదు కనుక ఆంధ్రప్రదేశ్‌లో వేసవి భత్యం కలిపే ఏర్పాటు చేసుకున్నారు. చేలల్లో పంట కుంటలు తవ్వించారు. అయినా డబ్బు ఖాతాలో పడటానికి వారాలు పట్టడం, బెంగళూరు కూలితో పోలిస్తే చాలా తక్కువ కావడంతో కదిరి చుట్టుపక్కల నుంచి వానలు తప్పిన ఏడాదల్లా బస్సులు బెంగళూరు వైపు నిండుగానే వెళ్ళాయి.