రావణుడి మీసాలు, నివ్వరి వెన్ను

మైపాడు నుంచి శ్రీహరికోట దాకా ఇసుక దిబ్బల మీద పాకే ముళ్ళగడ్డిని రావణుడి మీసాలు అంటారు. అందులో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఆడ మొక్క కంకి పెద్ద ముళ్ళబంతి. ముదిరాక తెగి, గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోయి గింజ రాలుస్తుంది. ఆకు మొనా గుచ్చుకుంటుంది గానీ, పేరు పెట్టినవాళ్ళ చూపు ఆ కంకి మీదే నిలిచిందని నా ఉద్దేశం. గడ్డిని పువ్వు చూసి పోల్చడం యూరప్ నుంచి ఓడల్లో దిగిన విద్య అనుకుంటే అది సగమే నిజం. పువ్వు చూస్తే గానీ పని తెమలని చోట తెలుగు రైతు ముందే పువ్వు చూశాడు.

దీనికి గట్టి సాక్ష్యం విలియం రాక్స్‌బర్గ్ రాతల్లోనే ఉంది. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి కోరమాండల్ మొక్కలను వర్ణించిన ఈ వైద్యుడు వాటి తెలుగు పేర్లూ రాసుకున్నాడు. సర్కారు జిల్లాల చెరువు అంచుల్లో దానంతటదే మొలిచే వరిని తెలుగువాళ్ళు నివ్వరి అంటారనీ, ఆ గింజను ఉన్నవాళ్ళు మంచి ధర పెట్టి కొంటారనీ రాశాడు. సాగు వరులకు మూలం అదేనని తేల్చాడు. రాక్స్‌బర్గ్ అనుసరించిన లిన్నేయస్ వర్గీకరణ పద్ధతిలో లెక్క కేసరాలది: చాలా గడ్డిపూలకు మూడు, వరికి ఆరు. సుంకు మీదున్న నివ్వరి వెన్ను తుంచి చూస్తే, విచ్చిన పొట్టులోంచి సన్నని ఆరు తిత్తులు వేలాడతాయి. రైతు ఆ లెక్క పెట్టలేదు. పొడుగాటి మీసాన్నీ, పండీ పండకముందే రాలే గింజనీ చూశాడు. దారులు వేరైనా ఇద్దరూ దాన్ని వరి పక్కనే నిలబెట్టారు.

దర్భ అనే ఒక్క పేరు కింద వేర్వేరు జాతులను కలిపేశారు కదా అనవచ్చు. నిజమే. వెండిరంగు దూదికంకి వేసే ఇంపెరేటానూ, గోధుమరంగు పొడుగుకంకి వేసే డెస్మోస్టాకియానూ అదే పేరుతో పిలుస్తారు. కానీ పూజలో వేలికి తొడిగే పవిత్రం ముడవడానికి కావలసింది ఆకు. కంకితో పని లేనిచోట కంకి తేడా పేరుకెక్కలేదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం వరిచేలో కలుపుగా మొలిచే ఊద గడ్డిది. మొలగొలుకుల వరి పండించిన నెల్లూరు మాగాణుల్లో ఊద ఈనేదాకా ఆగితే చేను పోయినట్టే. అందుకే కలుపు తీసే ఆడవాళ్ళు ఆకు దగ్గరే పట్టేస్తారు: ఆకు కాండాన్ని విడిచేచోట వరికి పల్చటి పొర నాలుకలా లేస్తుంది, ఊదకు అక్కడ ఏమీ ఉండదు. ఇది నా వాదాన్ని కొంత తగ్గిస్తుంది, ఒప్పుకుంటాను. అయినా వాళ్ళ కన్ను తప్పిన మొక్క సంగతి తేల్చేది కంకే. వరి వెన్ను వంగి గింజలు వేలాడేస్తుంది. ఊద కంకి రెమ్మకు ఒకే పక్కన చిన్న గింజలను వరసలుగా గుచ్చినట్టు పేర్చుకుంటుంది. 1921లో మద్రాసులో అచ్చయిన దక్షిణ భారత గడ్డిజాతుల పుస్తకంలో కె. రంగాచారి కూడా ఒక్కో జాతికీ ఆకు నాలుకనూ కంకినీ పక్కపక్కనే వర్ణించాడు.